పాత కారు స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంటే: జబ్బు ఎక్కడుందో వరసగా పట్టుకునే పద్ధతి

పదేళ్లు దాటిన కారు ఉన్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. పొద్దున బండి సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పే స్టార్టర్ మోటారు) సరిగ్గా తీసుకోవట్లేదు, మీటర్లో ఏవో లైట్లు వెలుగుతున్నాయి. బ్యాటరీ మార్చాం, సెల్ఫ్ బాగుచేయించాం, ప్లగ్గులు కొత్తవి వేయించాం, అయినా నెల తిరక్కుండా మళ్లీ అదే బాధ. ఇప్పుడేం చేయాలి?

కొలవాలి. ఏ భాగమైనా మార్చేముందు అది చెడిపోయిందని చూపించే అంకె ఒకటి మీ చేతిలో ఉండాలి. ఆ అంకె తీయడానికి మెకానిక్కే కానక్కర్లేదు, వోల్టులు కొలిచే కొన్ని వందల రూపాయల మల్టీమీటరు, కాస్త ఓపిక ఉంటే చాలు. కింద చెప్పిన వరస మాత్రం తప్పొద్దు. బ్యాటరీ బలహీనంగా ఉంటే ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తప్పుడు కోడ్లు (లోపాన్ని చెప్పే నంబర్లు) ఇస్తుంది, ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు కూడా ఊరికే వెలుగుతాయి. అందుకే కరెంటు సంగతి తేలకముందే స్కానర్ (ఆ కోడ్లు చదివే పరికరం) పెట్టి, అది చెప్పిన సెన్సార్ కొనేయడం వల్లే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

1. పానా పట్టే ముందు వారం రోజులు రాసుకోండి

అప్పుడప్పుడూ వచ్చే జబ్బు షెడ్డులో మెకానిక్ ముందు కనిపించదు. రాసిపెట్టుకుంటే మాత్రం దొరుకుతుంది. స్టార్ట్ కాని ప్రతిసారీ ఫోన్‌లో ఈ నాలుగు సంగతులు రాయండి:

☐ ఇంజన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా? బండి ఆపి ఎంతసేపైంది?
☐ తాళం తిప్పినప్పుడు ఏం వినిపించింది? ఏమీ లేదా, ఒక్క టక్ మన్నదా, వరసగా టకటకమన్నదా, నీరసంగా తిరిగిందా, హుషారుగా తిరిగినా అందుకోలేదా (ఇంజన్ నడవడం మొదలవలేదా)?
☐ ఏ లైట్లు వెలిగాయి? ఏ రంగు? వెలిగి ఉన్నాయా, ఆరి వెలుగుతున్నాయా?
☐ పెట్రోలు ఎంత ఉంది, ముందురోజు వాన పడిందా?

వీలైతే వీడియో తీయండి. సెల్ఫ్ శబ్దం మాటల్లో చెప్పడం కష్టం, విన్న మెకానిక్‌కి క్షణంలో అర్థమవుతుంది.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

☐ డిజిటల్ మల్టీమీటరు (హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది)
☐ బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే నమోదు చేసుకునే ఏర్పాటు), ఫోన్‌లో దాని యాప్
☐ 10 నంబరు పానా, వైరు బ్రష్, సన్న గరుకు కాగితం
☐ టార్చి, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు
☐ బండితో వచ్చిన మాన్యువల్. ఏ ఫ్యూజు ఎక్కడుందో అందులోనే ఉంటుంది
☐ తాళం తిప్పడానికి ఇంకో మనిషి

స్కానర్ విషయంలో ఒక మాట. హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో 2010 ఏప్రిల్లో బీఎస్-4 (పొగ కాలుష్యం మీద నిబంధన) వచ్చింది, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరైంది. అంతకుముందు బండ్లలో చాలావాటిని చవక స్కానర్లు చదవలేవు. ఆ కంపెనీ బండ్లకు తగిన స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేకు పైకి. చేతి గడియారం, ఉంగరం తీసేయండి. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల, సిగరెట్ వద్దు, అక్కడ వెలువడే గ్యాస్ మండుతుంది.

3. తాళం ఆన్‌లో పెట్టి, స్టార్ట్ చేయకుండా లైట్లు చూడండి

అందరూ దాటేసే అడుగు ఇది. తాళం ఆన్ చేయగానే ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు, చెక్ ఇంజన్ లైటు, ఉంటే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. మిగతా మూడూ ఇంజన్ అందుకున్నాక ఆరాలి.

వెలగాల్సింది వెలగకపోతే అదీ జబ్బే. చెక్ ఇంజన్ లైటు అసలు రాకపోవడం, సెల్ఫ్ తిరుగుతున్నా బండి అందుకోకపోవడం రెండూ ఒకేసారి ఉంటే ఈసీఎంకి కరెంటు అందట్లేదని మొదటి అనుమానం. దాని ఫ్యూజు, మెయిన్ రిలే (కరెంటును కలిపే స్విచ్), ఎర్తు వైరు (బ్యాటరీ మైనస్ వైపు దారి) చూడండి. పెట్రోలు పంపు జోలికి అప్పుడే వెళ్లొద్దు.

సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇంకో సంగతి. లైటు కనిపించకుండా బల్బు పీకేసి అమ్మినవాళ్లు ఉన్నారు. ఎయిర్‌బ్యాగ్ లైటు తాళం తిప్పినప్పుడు ఒక్కసారి కూడా వెలగలేదంటే ఆ ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందని నమ్మి కుటుంబాన్ని ఎక్కించుకోకండి, ముందు చూపించండి.

తాళం బొమ్మ లైటు గబగబా ఆరి వెలుగుతూ ఉండి, బండి అందుకుని రెండు క్షణాల్లో ఆగిపోతే అది ఇమ్మొబిలైజరు (సరైన తాళం కాకపోతే బండిని ఆపేసే రక్షణ). రెండో తాళంతో ప్రయత్నించండి. దానితో స్టార్ట్ అయితే మొదటి తాళంలోని చిప్ పోయినట్టే.

4. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి

మీటరు లేకుండానే సగం జబ్బు ఇక్కడ తేలిపోతుంది. హెడ్‌లైట్లు వేసి, ఇంకొకరిని తాళం తిప్పమని, మీరు ముందు నిలబడి చూడండి.

లైట్లు దాదాపు ఆరిపోయి టకటక శబ్దం వస్తే బ్యాటరీలో చార్జింగ్ లేదు, లేదా టెర్మినల్ పట్టు వదిలింది. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, శబ్దమూ లేకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లట్లేదు. సెల్ఫ్ రిలే, ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. కొన్ని బండ్లలో క్లచ్ నొక్కితే తప్ప సెల్ఫ్ తీసుకోదు, ఆ స్విచ్ కూడా అనుమానించాలి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. పార్కింగ్‌లో రాకుండా న్యూట్రల్లో వస్తే గేరు స్విచ్ తప్పు.

లైట్లు కొద్దిగా తగ్గి ఒక్క గట్టి టక్ వినిపిస్తే అనుమానం సెల్ఫ్ మీదికి పోతుంది: సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు. సెల్ఫ్ విప్పించే ముందు మాత్రం తర్వాతి అడుగు పూర్తి చేయండి. ఎర్తు వైరు తుప్పు పట్టినా సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి.

5. బ్యాటరీ, ఎర్తు, సెల్ఫ్, డైనమో (బ్యాటరీని చార్జ్ చేసేది): ఐదు కొలతలు

ఇక్కడ తొందరపడొద్దు. స్టార్టింగ్ సమస్యల్లో పెద్ద వాటా ఈ ఐదు కొలతల్లోనే బయటపడుతుంది. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి.

మొదటి కొలత: రాత్రంతా ఆపిన బండిలో, పొద్దున తలుపు తీసీ తీయకముందే బ్యాటరీ మీద. 12.6 వోల్టులు పైన ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12కి దిగితే ఖాళీ అయినట్టే, ముందు చార్జింగ్ పెట్టించి తర్వాతే మిగతా పరీక్షలు చేయాలి. అప్పుడే తిరిగి వచ్చిన బండి అయితే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఆ తర్వాత కొలవండి. లేకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది.

రెండో కొలత: సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మీద. 9.6 కన్నా కిందికి పడకూడదు. 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే 8కి పడితే అది చార్జింగ్ పట్టి ఉంచినా లోడు మోయలేకపోతోంది. షాపులో "వోల్టేజీ బాగానే ఉంది సార్" అని పంపించేది ఇలాంటి బ్యాటరీలనే. లోడ్ టెస్ట్ (బ్యాటరీ మీద భారం మోపి చూసే పరీక్ష) చేయమని అడగండి. మన ఎండలకు బ్యాటరీ లోపల ప్లేట్లు త్వరగా పాడవుతాయి, అందుకే మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ మీద అనుమానం సహజం.

మూడో కొలత: ఎర్తు. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ స్తంభం మీద (క్లాంపు మీద కాదు, స్తంభం మీదే), రెండోది ఇంజన్ మీద శుభ్రమైన లోహం మీద. సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టులు దాటితే ఎర్తు దారిలో అడ్డు ఉంది. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే జడ వైరు విప్పి, రెండు చివరలూ మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించండి. పాత బండ్లలో నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే. పైసా ఖర్చు లేదు.

నాలుగో కొలత: ప్లస్ దారి. ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సెల్ఫ్ మీదున్న లావు బోల్టు మీద. సెల్ఫ్ కొడుతుండగా 0.5 దాటకూడదు. దాటితే లావు వైరు లోపల కుళ్లింది, లేదా క్లాంపు వదులు. ఎర్తు, ప్లస్ రెండూ బాగుండి, బ్యాటరీ కూడా 9.6 పైన నిలబడి, అయినా సెల్ఫ్ నీరసంగా తిరిగితే అప్పుడు సెల్ఫ్ విప్పించండి. బ్రష్‌లు, బుష్‌లు మారిస్తే సరిపోయేచోట మొత్తం సెల్ఫ్ మార్చమంటే, ఇంకో ఆటో ఎలక్ట్రీషియన్‌ని కూడా అడగండి. సికింద్రాబాద్ రాణీగంజ్ వైపు సెల్ఫ్, డైనమో భాగాలు విడిగా దొరుకుతాయి.

ఐదో కొలత: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఏసీ, హెడ్‌లైట్లు, ఫ్యాను అన్నీ వేసినా 13.5 చుట్టూ నిలబడాలి. 13 కిందే ఉంటే డైనమో చార్జింగ్ చేయట్లేదు, లేదా బెల్టు జారుతోంది. 15 దాటితే వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది. అది బ్యాటరీని ఉడికించడమే కాక ఈసీఎంనీ చంపుతుంది, అలా నడపొద్దు. కొన్ని కొత్త తరహా బండ్లలో కంప్యూటరే చార్జింగ్ తగ్గించి పెంచుతుంటుంది, వాటికి మాన్యువల్ చూసుకోండి.

డైనమో పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు కొన్ని షెడ్డుల్లో ఇంకా ఉంది. మీ బండి మీద ఎవరినీ అలా చేయనివ్వొద్దు. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఈసీఎం కాలిపోవచ్చు.

జంపర్ కేబుల్ వేయాల్సి వస్తే ఈ వరస: ఎరుపు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి, నలుపు ముందు మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరగా చచ్చిన బండి ఇంజన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు దీనికి తలకిందులు.

6. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే

బ్యాటరీ కొత్తది, డైనమో బాగుంది, అయినా రెండు రోజులు కదపకపోతే స్టార్ట్ కాదు. అంటే ఆపిన బండి కూడా కరెంటు తాగుతోంది. 50 మిల్లీ యాంపియర్ల దాకా మామూలే. అదే 500 అయితే రోజుకు 12 యాంపియర్ అవర్లు పోతాయి, చిన్న కార్లలో ఉండే 35 యాంపియర్ అవర్ బ్యాటరీ రెండో రోజుకే చేతులెత్తేస్తుంది.

కొలిచే పద్ధతి: బండి లాక్ చేసి 40 నిమిషాలు వదిలేయండి. బోనెట్ లైటు ఉంటే తీసేయండి. మీటరు మిల్లీ వోల్టుల మీద పెట్టి, ఫ్యూజు పీకకుండా దాని తలమీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద మొనలు ఆనించండి. సున్నా వస్తే ఆ దారిలో కరెంటు పోవట్లేదు. అంకె వచ్చిన ఫ్యూజు ఏ సామానుదో మాన్యువల్లో చూడండి.

యాంపియర్లలోనే కొలవాలంటే మైనస్ టెర్మినల్ విప్పి మధ్యలో మీటరు 10 యాంపియర్ల మీద పెట్టాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టినా, హెడ్‌లైట్లు వేసినా లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది.

ముందుగా అనుమానించాల్సినవి బయట వేయించినవే: స్టీరియో, సెంట్రల్ లాక్, రివర్స్ కెమెరా, ఫాగ్ ల్యాంపులు, జీపీఎస్. ఫ్యూజుల్లో ఏదీ దొరక్కపోతే డైనమో వైరు విప్పి (ముందు బ్యాటరీ మైనస్ తీసి) మళ్లీ కొలవండి. లోపలి డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పోయినా కరెంటు వెనక్కి కారుతుంది.

7. సెల్ఫ్ హుషారుగా తిరుగుతుంది, కానీ అందుకోదు

ఇప్పుడు సంగతి పెట్రోలు, నిప్పు, సెన్సార్లది.

తాళం ఆన్ చేసి చెవి వెనక సీటు వైపు పెట్టండి. రెండు క్షణాలు సన్నగా జుయ్‌మని పంపు శబ్దం రావాలి. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడండి. అదే నంబరు, అవే కాళ్లున్న రిలే ఆ పెట్టెలో ఇంకోటి ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు. ట్యాంకు ఎప్పుడూ రిజర్వులోనే నడిపితే పంపు త్వరగా పోతుంది, దాన్ని చల్లగా ఉంచేది ట్యాంకులోని పెట్రోలే.

తాళం మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి తర్వాత సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోందా? అయితే రాత్రంతా లైనులో ప్రెషర్ దిగిపోతోంది. పంపు వాల్వు, ప్రెషర్ రెగ్యులేటర్, కారే ఇంజెక్టర్, ఈ మూడింట్లో ఒకటి.

యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితేనే స్టార్ట్ అవుతుంటే థ్రాటిల్ బాడీలో (ఇంజన్లోకి గాలి వెళ్లే ద్వారం) కార్బన్ పేరుకుంది. స్ప్రేతో శుభ్రం చేయించండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే రెక్కను వేలితో నెట్టొద్దు.

చాలాసేపు కొట్టాక పెట్రోలు వాసన గుప్పుమంటే ఆగండి. ఒక ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. తడిసిన ఇంజన్ ఆరడానికి చాలా ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మే) బండ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొన్ని క్షణాలు సెల్ఫ్ కొడితే ఈసీఎం ఇంజెక్షన్ ఆపేస్తుంది. ఒక్కోసారి 10 క్షణాలకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం వ్యవధి ఇవ్వండి.

ట్రాఫిక్‌లో వేడెక్కి ఆగిపోయి, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే బండ్ల సంగతి వేరు. అక్కడ క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పేది) మీద అనుమానం పెట్టండి. ఆగిన ఆ నిమిషంలోనే స్కానర్ తగిలించి సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం (ఇంజన్ తిరిగే వేగం) చూడాలి. ఇంజన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే సెన్సారో, దాని వైరో పోయినట్టు. చల్లారాక చూస్తే ఏమీ దొరకదు.

స్కానర్‌తో ఇంకో మంచి పరీక్ష ఉంది. పొద్దున చల్లటి ఇంజన్ మీద కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఉండాలి. గాలి 24 డిగ్రీలు, కూలెంట్ 70 చూపిస్తే ఈసీఎం ఇంజన్ వేడిగా ఉందనుకుని పెట్రోలు తగ్గిస్తోంది. మైనస్ 40 చూపిస్తే సెన్సార్ వైరు తెగింది.

సీఎన్జీ బండ్లు చాలావరకు పెట్రోలు మీదే స్టార్ట్ అవుతాయి. పెట్రోలు మిగుల్చుకుందామని నెలల తరబడి అదే అడుగు పెట్రోలు ఉంచితే అది చెడిపోతుంది, పంపూ ఎండుతుంది. పావు ట్యాంకు ఉంచి, రోజూ కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు, సీళ్లు కూడా చూపించుకోవడం మంచిది. ఇథనాల్ తేమను పట్టుకుంటుంది, కాబట్టి కదలకుండా ఉన్న బండిలో పాత పెట్రోలు మీద అనుమానం పెంచుకోండి.

డీజిల్ బండి అయితే స్ప్రింగు చుట్టలా ఉండే బొమ్మ లైటు (గ్లో ప్లగ్గులది) ఆరాకే సెల్ఫ్ కొట్టండి. రాత్రి ఆపిన బండికి పొద్దున చేతి పంపు నొక్కితేనే స్టార్ట్ అవుతుంటే లైనులోకి గాలి చొరబడుతోంది. ఫిల్టర్ సీలు, పైపు క్లిప్పులు చూడండి. ఫిల్టర్ అడుగున నీళ్లు తీసేయండి. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హైప్రెషర్ గొట్టం ఉన్న) ఇంజన్లో హైప్రెషర్ పైపు మాత్రం ఎప్పుడూ వదులు చేయొద్దు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, చర్మాన్ని చీల్చుకుని పోతుంది.

8. వార్నింగ్ లైట్లు: ఎరుపు ముందు

ఎర్రటి ఆయిల్ లైటు నడుస్తుండగా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపండి. డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తక్కువుంటే పోయండి. సరిపడా ఉన్నా లైటు ఆరకపోతే క్రేన్ పిలవండి, "షెడ్డు దగ్గరే కదా" అని నడిపితే ఇంజన్ పట్టేస్తుంది. తప్పు ప్రెషర్ స్విచ్‌దే కావచ్చు, కానీ అది గేజి పెట్టి తేల్చాల్సిన సంగతి.

వేడి లైటు వస్తే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, పక్కకు తీయండి. రేడియేటర్ మూత వేడి మీద విప్పొద్దు.

బ్యాటరీ లైటు నడుస్తుండగా వస్తే బోనెట్ ఎత్తి బెల్టు చూడండి. బెల్టు తెగితే కొన్ని బండ్లలో వాటర్ పంపు కూడా ఆగుతుంది, అలా నడిపితే ఇంజన్ ఉడుకుతుంది. బెల్టు బాగుంటే ఏసీ, స్టీరియో ఆపేసి దగ్గరి షెడ్డు దాకా వెళ్లొచ్చు.

బ్రేకు లైటు హ్యాండ్ బ్రేకు దించినా ఆరకపోతే బ్రేకు ఆయిల్ మట్టం చూడండి. మట్టం తగ్గడానికి ప్యాడ్లు అరగడమో, ఎక్కడో కారడమో కారణం. ఏది అని తేల్చకుండా ఊరికే పోసేసి వెళ్లిపోవద్దు.

ఎయిర్‌బ్యాగ్ లైటుతో పాటు హారన్ కూడా పనిచేయకపోతే స్టీరింగ్ కింద ఉండే క్లాక్ స్ప్రింగ్ (తిరిగే స్టీరింగ్‌కి కరెంటు అందించే వైరు చుట్ట) పోయి ఉంటుంది. ఆ వైర్లకు మీటరు పెట్టొద్దు, తెలిసినవాళ్లకే అప్పగించండి.

చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉంటే ఆ వారంలో చూపించుకోవచ్చు. ఆరి వెలుగుతూ, బండి కుదుపులు ఇస్తుంటే సిలిండర్ మిస్ అవుతోంది. అలాగే లాగితే మండని పెట్రోలు వెళ్లి కేటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) కాలిపోతుంది. మెల్లగా ఆపండి.

కోడ్లు చదివే పద్ధతి ఇది: అన్నీ ఫోటో తీయండి, చెరపండి, రెండు మూడు రోజులు నడపండి, మళ్లీ వచ్చిన కోడే అసలుది. పీ0562 అంటే వోల్టేజీ తక్కువ, మళ్లీ ఐదో అడుగుకు వెళ్లండి. పీ0335 క్రాంక్ సెన్సార్ దారి, పీ0340 క్యామ్ సెన్సార్ (వాల్వులు తెరిచే షాఫ్టుది) దారి. "దారి" అంటున్నది ఎందుకంటే వైరు, కనెక్టర్, ఎర్తు కూడా అందులోకే వస్తాయి. పీ0171 వస్తే ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తుంటారు. ఆ కోడ్ చెప్పేది గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. ముందు చూడాల్సింది చీలిన వ్యాక్యూమ్ పైపు, తక్కువ పెట్రోలు ప్రెషర్.

బ్యాటరీ టెర్మినల్ తీసి లైటు ఆర్పే షెడ్డులకు వెళ్లకండి. లోపం వచ్చిన క్షణంలో నమోదైన వివరాలన్నీ దానితో చెరిగిపోతాయి.

9. వానాకాలం, సెల్లార్, ఎలుకలు

నీళ్లు నిలిచిన సెల్లార్లో మునిగిన బండికి ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టొద్దు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. అది తడిసి ఉంటే సిలిండర్లోకి నీళ్లు చేరి ఉండొచ్చు, సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ మైనస్ తీసి, క్రేన్ మీద షెడ్డుకు పంపండి.

మోస్తరు వాన తర్వాత మాత్రమే ఇబ్బంది అయితే కాయిల్, ప్లగ్గు వైర్ల దగ్గర తేమ చూడండి. చీకట్లో బోనెట్ ఎత్తి ఇంజన్ నడిపిస్తే పగిలిన వైరు దగ్గర నీలం మెరుపు కనిపిస్తుంది. చేయి దూరంగా ఉంచండి.

నిన్న బాగున్న బండిలో ఇవాళ సంబంధంలేని లైట్లు నాలుగు వెలిగితే టార్చి వేసి ఎలుక రెట్టలు, కొరికిన వైర్లు వెతకండి. ఇంజెక్టర్ వైర్లు, వెనక సీటు కింద పంపు వైరు ముఖ్యంగా. తెగినచోట మెలిపెట్టి టేపు చుడితే వేసవిలో జిగురు కరిగి మళ్లీ వదులవుతుంది. టంకం పెట్టించి పైన హీట్ ష్రింక్ స్లీవు వేయించండి.

10. షెడ్డుకు వెళ్లేటప్పుడు

"స్టార్టింగ్ ప్రాబ్లం ఉంది, చూడండి" అని తాళం ఇచ్చి వెళ్లిపోవద్దు. ఇలా చెప్పండి: "అన్నా, చల్లగా ఉన్నప్పుడు బాగానే తీసుకుంటుంది. వేడి మీద సెల్ఫ్ తిరుగుతది కానీ అందుకోదు. బ్యాటరీ 12.6, సెల్ఫ్ కొడితే 10.4, చార్జింగ్ 14.1. కోడు పీ0335 రెండుసార్లు వచ్చింది."

☐ ఏదైనా మార్చే ముందు ఫోన్ చేయమనండి
☐ ఒకేసారి మూడు భాగాలు మార్చనివ్వొద్దు, ఏది జబ్బో ఎప్పటికీ తెలియదు
☐ పాత భాగం, కొత్తదాని బిల్లు రెండూ తీసుకోండి
☐ వేడి మీదే జబ్బు వస్తుంటే వేడి మీదే చూపించండి

బండి తెచ్చుకున్నాక, ముందు జబ్బు ఏ పరిస్థితిలో వచ్చేదో అదే పరిస్థితిలో చూడండి. పొద్దున వచ్చేదైతే రెండు రోజులు పొద్దున, వేడి మీద వచ్చేదైతే మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఓ గంట తిరిగి, ఆపి, పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. ఐదు కొలతలూ మళ్లీ తీసి, తేదీతో మాన్యువల్ వెనక అట్ట మీద రాసిపెట్టండి. ఆరు నెలలకోసారి అదే పని చేస్తే, 10.4 ఉండే అంకె 9.8కి దిగినప్పుడే బ్యాటరీ మార్చుకోవచ్చు.